ఒత్తులకు లెక్క లేదు

కడప ఏడురోడ్ల కాడ, చెప్పులంగడి మెట్ల కింద
నా అంగడి.
అంగడంటే ఒక బల్ల, గిర్రున తిరిగే సూది మిషను,
ఒక ఫ్యాను. అది నాకు కాదు,
ఇత్తడి పొడి ఎగరగొట్టేదానికి.

కప్పుల మీద పేర్లు చెక్కుతా.
అక్షరానికి మూడు రూపాయలు.
ఒత్తులకు తీసుకోను.
మా నాయన పెట్టిన లెక్క అది.
"కింద యాలాడేదానికి దుడ్లేందిరా" అంటాండె.

మొన్న ఇద్దరు పిల్లోళ్లు వచ్చినారు,
మోచేతుల మీద తోలు లేదు.
"అమెరికన్ ఫుట్‌బాల్ అన్నా. ఆదివారం ఫైనలు.
'అత్యంత విలువైన ఆటగాడు' అని రాయల్ల.
పేరు ఖాళీ పెట్టు."
ఫుట్‌బాలంటే కాలితోనేనా అంటి.
చేత్తో అన్నా అనిరి.
మరి ఆ పేరేంది అంటే
ఒకని మొగం ఒకడు చూసుకున్యారు.

ఉత్తమ చెక్కినా, ప్రథమ చెక్కినా,
'విలువైన' ఎప్పుడూ చెక్కలేదు.
అది ప్రొద్దుటూరు తక్కెట్లో పెట్టే మాట గదా,
మనిషినెట్ల తూస్తారబ్బా అనుకుంటానే
సూది ఆనించినా.

ఆదివారం మిషను సంచిలో ఏసుకొని
హైస్కూలు గ్రౌండుకు పోతి.
ఎండకు గోల్‌పోస్టులు గూడా వంగినట్లుండాయి.
కొందరికి అసలు హెల్మెట్లు, కొందరికి స్కూటరువి,
భుజాల కింద బొంతగుడ్డ కుట్టిచ్చుకున్యారు.
బంతి గుండ్రంగా లేదు,
సిద్ధవటం దోసపండు మాదిరి.

దాని ముందర ఒకడు వంగుంటాడు.
కాళ్ల సందున వెనక్కి అందిస్తాడు,
అంతే,
ఎదుటోళ్లంతా వాని మీదే.
వెనకోడు నిమ్మళంగా రెండడుగులేసి
చెయ్యెత్తి ఇసురుతాడు.
బంతి గాల్లో పోతాంటే
జనం తలకాయలన్నీ దాని ఎంబడే,
నాది తప్ప.
నేను కింద చూడ్డం నేర్చినోణ్ణి.

ఈలలు, కేకలు.
ఆ వంగినోడు మట్టిలోంచి లేసి
నోట్లో ఇసుక ఊంచి
పక్కనోణ్ణి అడుగుతాడు: "ఏమాయ?"
బంతి యాడికి పోయిందో
గ్రౌండంతటికీ ఆఖరున తెలిసేది వానికే.
నలభై సార్లు వంగె,
నలభై సార్లు అదే మాట.

నీళ్ల పిల్లోణ్ణి అడిగితి, ఎవుడురా అని.
"కుళ్ళాయప్పన్న. ఎర్రగుంట్లలో బండల పాలీషు."
కూసున్న కాడే లెక్కేసినా.
నాలుగక్షరాలు, పన్నెండు రూపాయలు.
రెండు ఒత్తులు ఊరికే.
ఆ రెండూ తీసేసి చదువు చూద్దాం,
మున్సిపాలిటీ కుళాయి అయిపోతాడు మనిషి.

సాయంత్రం మైకులో పిలిచిరి.
రిత్విక్ సాయి. ఇసిరినోడు.
చొక్కా ఇంకా తెల్లగానే ఉంది,
మంచి పిల్లోడే పాపం, నాకు దండం గూడా పెట్టె.
ఐదక్షరాలు, పదైదు రూపాయలు.
వాని పేర్లో గూడా ఒకటి
కింద నిలబడి మోస్తానే ఉంది,
వానికి తెలీదు.

ఫోటోలైపోయినాక బండి స్టార్టు చేస్తా
రిత్విక్కు కప్పును కుళ్ళాయప్ప చేతికిచ్చె.
వాడు పేరు చదవలేదు.
తలకిందులు చేసి
అడుగున నల్లబండ మీద బొటనేలితో రాసె.
"మా మిషన్లోదే" అనె.
మళ్లీ రాసి,
"అంచు సరిగ్గా తిప్పలేదు నా కొడుకులు" అనె.
తిరిగిచ్చేసె.

సోమవారం పొద్దున రేకు బోర్డు దించినా.
అక్షరానికి మూడు.
ఒత్తుకు గూడా మూడు.

నిన్న ఒకాయన 'సర్వశ్రేష్ఠ' రాయిచ్చుకోను వచ్చి
వేళ్ల మీద ఎంచుకొని, గుటకేసి,
"ఉత్తమ చాల్లే" అనె.
దాంట్లోనూ ఒకటుందయ్యా అంటి.
వంగి చూసినాడు.